పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు: బడి గ్రంథాలయంలో ఆకాశం

ప్రశ్న: నేను గుంటూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. ఈ ఏడాది గ్రంథాలయ బాధ్యత కూడా నాకే అప్పగించారు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు వారానికి ఒక గ్రంథాలయ పీరియడ్ ఉంది. చంద్రయాన్ గురించి విన్నప్పటి నుంచి వాళ్లు అంతరిక్షం గురించే అడుగుతున్నారు. నేను సైన్సు చదువుకున్నదాన్ని కాను. బీరువాలో ఈ విషయం మీద పదో పన్నెండో పాత పుస్తకాలు ఉన్నాయి, కొన్నింటిలో గ్రహాలు తొమ్మిది అని రాసి ఉంది. వాటిని తీసివేయాలా? ఆ పీరియడ్‌ను ఎలా నడపాలో దయచేసి చెప్పండి.

జవాబు: మీరు తెలుగు ఉపాధ్యాయురాలు కావడం ఈ పనికి ఎంతో మేలు చేస్తుందని నా నమ్మకం, ఎందుకంటే మొదటి పీరియడ్‌కు కావలసిన సామగ్రి మీ సబ్జెక్టులోనే ఉంది. వేగుచుక్క, తోకచుక్క, తెగిపడిన చుక్క అనే మూడు మాటలను నల్లబల్ల మీద రాసి, వీటిలో నక్షత్రం ఏదో పుస్తకాలలో వెతికి చెప్పమనండి. వేగుచుక్క శుక్రగ్రహమనీ, తోకచుక్క సూర్యుని చుట్టూ తిరిగే మంచూ ధూళీ కలిసిన ముద్ద అనీ, తెగిపడే చుక్క మన గాలిలోకి దూసుకువచ్చి మండిపోయే చిన్న రాతి ముక్క అనీ, మూడింటిలో ఒక్కటీ నక్షత్రం కాదనీ వాళ్లే కనుక్కుంటారు. ఆ వెతుకులాటలోనే విషయసూచిక ఎలా చూడాలో, పుస్తకం చివర పదసూచిక ఎందుకు ఉంటుందో, రెండు పుస్తకాలు ఒకే సంగతిని వేరు వేరుగా చెబితే ఏం చేయాలో నేర్పవచ్చు. సైన్సు పీరియడ్‌లో వీటికి సమయం దొరకదు కాబట్టి గ్రంథాలయంలోనే నేర్పాలి.

పిల్లలకు సమాధానం ముందుగా చెప్పకండి. పుస్తకం తెరవకముందే వాళ్ల ఊహను కాగితం మీద రాయించి, ఆ తరువాత బీరువా తాళం తీయండి. ఉదాహరణకు, భూమి ఏ నెలలో సూర్యునికి అన్నిటికన్నా దగ్గరగా ఉంటుందని అడగండి. గుంటూరు ఎండలు ఎరిగిన పిల్లలు చాలామంది మే నెల అనే రాస్తారు. పుస్తకాలు చూస్తే, జనవరి మొదటి రోజులలో సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ, జూలై మొదటి రోజులలో సుమారు 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ ఉంటుందని తెలుస్తుంది. అలాగైతే మనకు సంక్రాంతికి చలి ఎందుకు, మేలో ఈ వేడి ఎందుకు అనే ప్రశ్న వాళ్లలోనే పుడుతుంది. భూమి అక్షం 23.5 డిగ్రీలు ఒరిగి ఉండటం అనే మాట అప్పుడు అవసరమై వస్తుంది. అవసరమై వచ్చిన మాటను పిల్లలు మరచిపోరని చాలా ఏళ్లుగా గమనిస్తున్నాను.

దీన్ని ఆవరణలోకి కూడా తీసుకువెళ్లవచ్చు. గుంటూరు 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదిలో రెండుసార్లే, మే తొలి వారంలోనూ, ఆగస్టు తొలి వారం ముగిసేటప్పుడూ. మే నెలలో సెలవులు ఉంటాయి. ఆగస్టు 7 ప్రాంతంలో మబ్బు పట్టకపోతే, మధ్యాహ్నం 12 గంటల 14 నిమిషాల వేళకు ఒక కర్రను నేల మీద నిటారుగా నిలిపి చూడమనండి. నీడ కర్ర మొదట్లోకి చేరి కనిపించకుండా పోతుంది. నీడనే చూడాలి తప్ప సూర్యుణ్ని చూడకూడదని మాత్రం రెండుసార్లు చెప్పండి. మిట్టమధ్యాహ్నం సరిగ్గా 12 గంటలకే ఎందుకు కాలేదని ఎవరైనా అడిగితే అట్లాసు చేతికి ఇవ్వండి. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది, మనం దానికి పడమరగా ఉన్నాం. కారణాలలో ఇది ఒకటి.

శ్రీహరికోట మీద ప్రశ్న కూడా ఇలాగే అట్లాసు దగ్గరికే నడిపిస్తుంది. విజయవాడ నుంచి చెన్నై వెళ్లే రైలు సూళ్లూరుపేట మీదుగానే పోతుంది, అక్కడికి ఆ దీవి దగ్గరే. దేశంలో ఇన్ని చోట్లు ఉండగా రాకెట్లు అక్కడి నుంచే ఎందుకు అంటే, తూర్పున సముద్రం ఉండటం వలన విడిపోయిన భాగాలు జనం మీద పడవు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతున్నందున తూర్పుకు ఎగిరే రాకెట్‌కు ఆ వేగం ఊరికే కలిసి వస్తుంది. భూమధ్యరేఖ దగ్గర ఆ వేగం గంటకు సుమారు 1,670 కిలోమీటర్లు, దూరం పోయే కొద్దీ తగ్గుతుంది. శ్రీహరికోట 13.7 డిగ్రీల దగ్గరే ఉంది.

ఇక తొమ్మిది గ్రహాల పుస్తకాలను దయచేసి తీసివేయకండి. ప్లూటోను 1930లో కనుగొన్నారు. 2006 ఆగస్టులో అంతర్జాతీయ ఖగోళ సంఘం గ్రహానికి నిర్వచనం ఇచ్చి, దానిని మరుగుజ్జు గ్రహాల కోవలో చేర్చింది. ఆ పుస్తకం అచ్చయిన నాటికి అందులో రాసినది సరైనదే. అచ్చు సంవత్సరం ఎక్కడ ఉంటుందో వెతికించి, సవరణను ఒక చీటీ మీద పిల్లల చేతనే రాయించి ఆ పేజీలో అతికించండి. చినిగి చదవడానికి వీలుకానివాటినీ, జాతకాలనూ ఖగోళశాస్త్రాన్నీ కలగాపులగం చేసినవాటినీ మాత్రం ఆ అర నుంచి తప్పించండి.

ఒక ఆటతో ముగిస్తాను. పుస్తకాలలోని సౌరకుటుంబం బొమ్మలో గ్రహాలన్నీ పక్కపక్కనే ఉంటాయి. పేజీ చాలదు కాబట్టి అలా వేస్తారు, కానీ పిల్లలు దానినే నిజమనుకుంటారు. ఒక మిల్లీమీటరును పదివేల కిలోమీటర్లుగా లెక్కించమనండి. సూర్యుడు 14 సెంటీమీటర్ల కొబ్బరికాయ అవుతాడు, భూమి దానికి 15 మీటర్ల దూరంలో ఒక ఆవగింజ, చంద్రుడు ఆ ఆవగింజకు నాలుగు సెంటీమీటర్ల లోపే ఒక ఇసుక రేణువు. గురుగ్రహం 78 మీటర్ల దూరంలో ఒక గోలీకాయ. నెప్ట్యూన్‌ను పెట్టడానికి 450 మీటర్లు నడవాలి, అంటే గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లవలసి వస్తుంది. అతి దగ్గరి నక్షత్రాన్ని పెట్టాలంటే 4,000 కిలోమీటర్లు పోవాలి, ఇక్కడి నుంచి శ్రీనగర్‌కు తిన్నగా గీత గీస్తే వచ్చే దూరానికి అది దాదాపు రెట్టింపు. కొలతలు పుస్తకాల నుంచి తీయడం, భాగహారం చేయడం పిల్లల వంతు కావాలి. కొబ్బరికాయ మాత్రం మీరు తీసుకువెళ్లండి.

ప్రశ్న: మాది విజయవాడ. నాకు 79 ఏళ్లు. మనవరాలు చదివే బడి గ్రంథాలయానికి అంతరిక్షం గురించి తెలుసుకోవడానికి పనికివచ్చేది ఏదైనా ఇవ్వాలని ఉంది. టెలిస్కోపు ఇమ్మని కొందరు, పుస్తకాలు ఇమ్మని కొందరు అంటున్నారు. మీ సలహా ఏమిటి?

జవాబు: అయ్యా, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టినది మీ బెజవాడలోనే. ఆ ఊరి పెద్దలకు పుస్తకాలు ఇవ్వమని నేను వేరే చెప్పనక్కరలేదు. జనవరిలో జరిగే పుస్తక మహోత్సవానికి మీ మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లి, పుస్తకాలు తననే ఎంచుకోనివ్వండి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగిన సంగతి ఉందో లేదో చూస్తే పుస్తకం ఎంత కొత్తదో తెలుస్తుంది.

టెలిస్కోపు సరిగా నిలబెట్టి చూపేవారు బడిలో లేకపోతే అది బీరువాలోనే ఉండిపోతుంది. దానికి బదులు ఏడు రెట్లు పెద్దదిగా చూపే, 50 మిల్లీమీటర్ల కటకాలున్న బైనాక్యులర్ ఇవ్వండి. గోడకు ఆనించి కదలకుండా పట్టుకుంటే, 1610లో గెలీలియో చూసిన గురుగ్రహపు నాలుగు చంద్రులు అందులో చుక్కల్లా కనిపిస్తాయి. చంద్రుని మీది గుంటలు ఇంకా తేలికగా కనిపిస్తాయి. దానితో సూర్యుని వైపు ఎన్నడూ చూడకూడదని పెట్టె మూత మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి.

బడికి ఇచ్చే ముందు ఏప్రిల్‌లో ఒక రాత్రి మేడ మీద, ఉత్తర దిక్కున సప్తర్షి మండలంలో వసిష్ఠుని పక్కన ఉన్న అరుంధతిని మీ మనవరాలికి చూపించండి. ఆ నక్షత్రం మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే ఆ రాత్రి మీ ఇద్దరి కళ్లలో పడే కాంతి దాదాపు మీరు పుట్టిన రోజులలో అక్కడి నుంచి బయలుదేరినది.