సీతమ్మగారి పొయ్యి దగ్గర వెతుకు

అమ్మాయీ,

లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మనసుపెట్టి రాశావని తెలుస్తూనే ఉంది. కానీ మొదటి పేజీలోనే ‘అపర అన్నపూర్ణ’ ఐదుసార్లు వచ్చింది. ఆ మాట ఆవిడ చేతి అన్నం తిన్నవాళ్ళది. మనకు ఒక్కసారి చాలు.

ఆవిడ భక్తిని పూజగదిలో వెతికావు. పొయ్యి దగ్గర వెతుకు. ‘అర్ధరాత్రి వచ్చినా లేదనకుండా వండి పెట్టేవారు’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. అందులో ఎంత చాకిరీ ఉందో చూడు. లంకల గన్నవరం వైనతేయ గోదావరి పక్కన ఊరు. రేవు దాటి వచ్చేవాళ్ళకు వేళాపాళా ఉండదు. ఆరిన పొయ్యి మళ్ళీ రాజెయ్యాలి. వానాకాలమైతే కట్టెలు చెమ్మగిలి ఇల్లంతా పొగ, ఎసరు ఎంతకీ మరగదు. దంపుడు బియ్యమైతే నీళ్ళూ ఎక్కువ పడతాయి, ఉడకడమూ ఆలస్యమే. కొలతా వేసుకో: తవ్వకు రెండు సోలలు, మానికకు రెండు తవ్వలు, కుంచానికి నాలుగు మానికలు. తలకు అరసోల చొప్పున కుంచెడు బియ్యం 32 మందికి వస్తాయి. ఆ కుంచెడూ ఎవరు దంచారు, ఎవరు చెరిగారు, నీళ్ళెవరు మోశారు? వాళ్ళ పేర్లు దొరక్కపోయినా వాళ్ళను వదిలేసి ఆ వంటిల్లు రాయకు. ఆవిడ భర్త జోగన్నగారినీ అంతే. ఇంటాయన సరేననకుండా గాదెలో గింజ కదలదు.

‘కులమత భేదం లేకుండా’ అన్న మాట నీదికాదు, ఎక్కడినుంచో ఎత్తి పెట్టినట్టుంది. అది ఆ కాలపు సదాచార బ్రాహ్మణ ఇల్లు. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారు, ఎవరు వడ్డించారు, విస్తళ్ళు ఎవరు తీశారు? ఊళ్ళో పెద్దవాళ్ళను ఈ మూడూ అడుగు. ‘ఆవిడ ఎలాంటివారు’ అని అడిగితే ‘దేవత’ అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. ‘మీ తాతగారు ఎక్కడ కూర్చుని తిన్నారట?’ అని అడిగితే చోటు చూపిస్తారు.

పట్టాభిషేకం సంగతిలో తడబడ్డావు. బ్రిటిష్ రాజు ఏడో ఎడ్వర్డుకు కిరీటం పెట్టింది లండన్‌లో, 1902 ఆగస్టు 9న. ఆ పట్టాభిషేకం పేరున ఇక్కడ జరిపిన ఢిల్లీ దర్బారు 1903 జనవరి 1న. సీతమ్మగారి పటాన్ని కుర్చీలో పెట్టి గౌరవించారన్న కథను కొందరు అక్కడికీ కొందరు ఇక్కడికీ ముడిపెడతారు. నువ్వు రెండూ కలిపి ‘లండన్ దర్బారు’ అనేశావు. ఏ కాగితంలో ఏముందో చూసి రాయి. ఆధారం చేతికి రాకపోతే ‘ఊళ్ళో చెప్పుకుంటారు’ అను, ఆవిడ పరువేమీ తగ్గదు.

పుట్టిన ఏడు 1841, మండపేట అని రాసి ఊరుకున్నావు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, అప్పటికి ఆవిడకు పదకొండేళ్ళు. కాపురానికొచ్చిన సీమ కాలవ నీళ్ళతో పచ్చబడుతున్న రోజులవి. ఏళ్ళ తరబడి అన్ని విస్తళ్ళు లేవడానికి ఆ నీళ్ళూ కారణమే. ఇవాళ గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలవను దాటించే కొత్త అక్విడక్టుకు ఆవిడ పేరే ఉంది. ఆ సంగతి చివర్లో అతికించావు, ఇక్కడికి తెచ్చుకో.

ఇక అంతర్వేది ప్రయాణం. నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరారు. దారిలో ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని, ‘గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు’ అని పెద్దవాళ్ళు ఊరుకోబెట్టడం విని వెనక్కి తిరిగారు. జనం నోట ఉన్న కథే. మొదట్లో ఒక్కసారి ‘అంటారు’ అని, తర్వాత నేరుగా చెప్పు. వాక్యం వాక్యానికీ ‘అట’ తగిలిస్తే కథ నిలవదు. ఆ రాత్రి స్వామి కలలో కనిపించి మెచ్చుకున్నట్టు నువ్వు కల్పించిన పేరా మాత్రం తీసెయ్. ఆవిడకు స్వామిని చూడాలని ఉంది. చూడకుండానే తిరిగొచ్చి పొయ్యి వెలిగించారు. ఆ వెలితిని పూడ్చకు.

ముందు ఆ భాగం తిరగరాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో.