పేరు మనదైతే సరిపోదు, కస్టమర్‌కి కనపడాలి కదా

ప్రశ్న: మాది మంగళగిరి, చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. వెబ్‌సైట్ చేసిన అబ్బాయి డాట్ కామ్ పేరు తన మీదే రిజిస్టర్ చేసుకున్నాడు, ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు, రెన్యూవల్ దగ్గర పడింది. ఇంకొకాయనేమో బ్లాక్‌చెయిన్ డొమైన్ తీసుకోండి, ఒక్కసారి కడితే చాలు, ఎవరూ లాక్కోలేరు అంటున్నారు. తీసుకోమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: షాపు కోసమైతే వద్దండి. మామూలు డొమైన్ పేర్లకి పైన ఐకాన్ అనే సంస్థ ఉంది, 1998 నుంచి నడుస్తోంది, దాని కింద రిజిస్ట్రీలు (డాట్ కామ్ లాంటి చివరల్ని నడిపేవాళ్ళు), రిజిస్ట్రార్లు (మనకి పేర్లు అమ్మేవాళ్ళు), అంటే మీ పేరు ఎప్పుడూ ఎవరో ఒకరి పుస్తకంలోనే ఉంటుంది, వాళ్ళు ఆపేస్తే ఆగిపోతుంది. ఇదే వద్దనుకుని, ఒకరి చేతిలో లేకుండా ఎన్నో కంప్యూటర్లలో కలిపి రాసుకునే పుస్తకం లాంటి బ్లాక్‌చెయిన్ మీద 2011లో నేమ్‌కాయిన్ వాళ్ళు డాట్ బిట్ పేర్లు తెచ్చారు, 2017లో ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద ఈఎన్ఎస్ అనే పేర్ల వ్యవస్థ వచ్చింది, డాట్ ఈత్ అని. అందులో పేరు మీ వాలెట్‌లో, అంటే రహస్య తాళంతో తెరిచే డిజిటల్ పర్సులో ఉంటుంది, వాలెట్ తాళం మీ దగ్గరుంటే నిజంగానే ఎవరూ తీసుకోలేరు, ఆ ఆలోచన నాకూ చాలా ఇష్టం. కానీ ఒక్కసారి కడితే చాలు అనేది అన్నిటికీ వర్తించదు. ఈఎన్ఎస్‌లో అయిదు అక్షరాలు, ఆపైన ఉన్న పేరుకి ఏడాదికి 5 డాలర్లు, గ్యాస్ ఫీజు (బ్లాక్‌చెయిన్‌లో నమోదు చేసినందుకు కట్టేది) అదనం, కట్టకపోతే 90 రోజులు ఆగి పేరు వదిలేస్తారు.

అసలు చిక్కు మీ కస్టమర్ దగ్గరుంది. ఫోన్‌లో క్రోమ్ తెరిచి డాట్ ఈత్ పేరు కొడితే సైట్ రాదు, గూగుల్ సెర్చ్ పేజీ వస్తుంది. బ్రేవ్ లాంటి బ్రౌజర్ ఉండాలి, లేదా చివర డాట్ లిమో తగిలించాలి, అలా తగిలిస్తే మళ్ళీ మామూలు డొమైన్ మీద ఆధారపడ్డట్టే. ఇలాంటిదే ఇంకో దారి ఈత్ డాట్ లింక్, 2022లో దాని ఓనర్ జైల్లో ఉండి రెన్యూ చేయలేక అది చేజారిపోయింది, కోర్టుకెళ్తే గానీ తిరిగి రాలేదు. పైగా ఈ పేర్లకి ఒకే పెద్ద లేడు కాబట్టి ఇద్దరు ఒకే చివర ఉన్న పేర్లు అమ్మొచ్చు. డాట్ కాయిన్‌ని ఎమర్‌కాయిన్ అనే ఇంకో బ్లాక్‌చెయిన్ వాళ్ళు ముందే వాడుతున్నారని తెలిసి, ఇలాంటి పేర్లు అమ్మే అన్‌స్టాపబుల్ డొమైన్స్ కంపెనీ 2022లో ఆ పేర్లు అమ్మడం ఆపేసింది.

ఇంకోటి ఆలోచించండి, ఆ అబ్బాయి మీ పేరు తన వాలెట్‌లో పెట్టుకునుంటే మీరు ఎవరికి మొరపెట్టుకోవాలి? డాట్ కామ్ కాబట్టి రిజిస్ట్రార్‌కి రాయొచ్చు, మీరు కట్టిన బిల్లులు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ జత చేయండి, ఈ వారమే. బ్రాండ్ పేరు మీద మీకు ట్రేడ్‌మార్క్ హక్కుంటే, అతను దురుద్దేశంతో పట్టుకున్నాడని చూపించగలిగితే యూడీఆర్‌పీ, అంటే ఐకాన్ పెట్టిన డొమైన్ వివాదాల పరిష్కార పద్ధతి కింద కేసు కూడా వేయొచ్చు. చేతికొచ్చాక మీ మెయిల్, మీ ఫోన్ నంబర్ మీదే పెట్టి ఆటో రెన్యూవల్ ఆన్ చేయండి.

ప్రశ్న: తెలుగులో ఉండే డాట్ భారత్ కూడా బ్లాక్‌చెయినేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: కాదు బాబూ, అది మామూలు డొమైనే, మన నిక్సీ (నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్చేంజ్ ఆఫ్ ఇండియా) నడుపుతుంది. తెలుగు అక్షరాల్ని సిస్టమ్ లోపల ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌గా మార్చుకుంటుంది, అందుకే ఏ బ్రౌజర్‌లో అయినా తెరుచుకుంటుంది.