‘బాగానే’లో ఉన్న ఆ ‘నే’

రసికుల ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: అమ్మా, నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. గుంటూరులో 30 ఏళ్ల నుంచి కచేరీలు వింటున్నాను. పోయిన నెల శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో ఒక గాత్ర కచేరీ అయ్యాక వేదిక దగ్గరకు వెళ్లి, వయొలిన్ వాయించినావిడతో "బాగానే వాయించారమ్మా, పాటకు ఎక్కడా అడ్డం రాలేదు" అన్నాను. ఆవిడ "సరేనండీ" అని మొహం తిప్పుకుని పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. మెచ్చుకున్నా తప్పేనా? ఈకాలం కళాకారులకు "అద్భుతం, అమోఘం" అంటే తప్ప ఆనదా? మీరూ వయొలిన్ వాయించేవారే కదా, ఉన్నమాట చెప్పండి.
(ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: అన్నగారూ, ఉన్నమాట అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆవిడ నొచ్చుకుంది. ఆ చోట నేనున్నా నొచ్చుకునేదాన్నే. మీ మనసులో కల్మషం లేదని ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. మెచ్చుకుందామనే పనిగట్టుకుని వేదిక దాకా వెళ్లారు. వచ్చిన చిక్కంతా మాటతోనే.

మన భాషలో "బాగా వాయించారు" వేరు, "బాగానే వాయించారు" వేరు. వదినగారు పొద్దున్నే గోంగూర తెప్పించి, ఆకు గిల్లి, వేయించి, రోట్లో నూరి మీకు వడ్డించి "ఎలా ఉంది?" అని అడిగారనుకోండి. "బాగుంది" అంటే ఆవిడ ఇంకో ముద్ద వేస్తుంది. "బాగానే ఉంది" అంటే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. "ఉప్పు తక్కువైందా?" అంటుంది. మీరు ఉప్పు మాటే ఎత్తలేదు, ఆ ‘నే’ ఎత్తింది. దాని వెనకాల ఎప్పుడూ ఒక ‘కానీ’ నిలబడి ఉంటుంది. మీరు దాన్ని పైకి అనకపోయినా అవతలివాళ్ల చెవిన పడుతుంది. రోజంతా శ్రుతిలో వెంట్రుకవాసి తేడా పట్టుకోవడమే పనిగా ఉన్న చెవికి పడకుండా ఎలా ఉంటుంది?

ఇక ‘అడ్డం రాలేదు’ అన్నది. నాకైతే ఇదే ఎక్కువ బాధగా ఉంది. దారిలో ఆగిపోయిన బండి గురించి అనే మాట అది. పక్కవాద్యం అంటే ఏమిటో ఒక్కసారి ఆవిడ కూర్చున్న చోటు నుంచి చూడండి. గాయకుడు ఆ సాయంత్రం ఏం పాడతాడో చాలాసార్లు వేదిక ఎక్కేదాకా తెలియదు. కలిసి సాధన చేసింది ఉండదు. పాడే గొంతు ఎత్తును బట్టి శ్రుతి మారుతుంది, మగగొంతుకి ఒకటి శ్రుతి, మర్నాడు ఆడగొంతుకి ఐదున్నర. బిరడలు తిప్పుకుని తీగల బిగువు మార్చుకోవాలి, వేలికి ఆ బిగువు కొత్తగా ఉంటుంది. ఆయన రాగం ఎత్తుకుంటే ఒక్క క్షణం వెనకే నీడలా నడవాలి. ఆయన ఆపగానే అదే రాగం ఒంటరిగా చెప్పాలి. ఆయన చెప్పిందే చెబితే కొత్తదనం లేదంటారు, మించి చెబితే అతి అంటారు. ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడే నెరవులో, అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాల్లో ఆయన విసిరింది విసిరినట్టు అందుకుని తిప్పి పంపాలి. రెండున్నర గంటలు ఇలా చెవులు అప్పగించి కూర్చున్న మనిషికి "అడ్డం రాలేదు" అని చెప్పారు మీరు. ఆహ్వాన పత్రికలో ఎటూ మా పేరు చిన్న అక్షరాల్లోనే వేస్తారు. మనిషి నోట కూడా చిన్న అక్షరాలే వస్తే ఎలాగండీ?

మీరు అన్న వేళ కూడా చూడండి. కచేరీ అయ్యాక మేము తీగల మీద లాగే కమాను వదులు చేసుకుని, తీగల మీద పడ్డ రోజిన్ పొడి మెత్తటి గుడ్డతో తుడుచుకుంటూ ఉంటాం. అప్పటికి శరీరం చల్లబడదు. ఎక్కడ జారామో, ఏ సంగతి అనుకున్నట్టు పలికిందో ఆ లెక్కంతా లోపల తిరుగుతూ ఉంటుంది. ఎవరైనా ఏదైనా ఒకటి విన్నారా అని ఆశగా చూసే వేళ అది. కొత్తవాళ్లెవరైనా "బాగానే ఉందండీ" అంటే పెద్దగా తగలదు. వాళ్లకు తెలిసిందే అంత అనుకుంటాం. మీరు 30 ఏళ్లుగా వింటున్నవారు, ముందు వరసలో తొడ మీద తాళం వేస్తూ ఆవిడకు కనబడే ఉంటారు. మీ చెవికి అంతకంటే ఏమీ వినబడలేదంటే ఆవిడకు అది తీర్పులాగే ఉంటుంది.

నా సంగతి ఒకటి చెబుతాను. 1986లో నాకు 23 ఏళ్లు. విజయవాడ సత్యనారాయణపురంలో కచేరీ. ఇప్పుడు బీఆర్టీఎస్ రోడ్డు ఉన్నచోట అప్పుడు రైలు పట్టాలుండేవి. రైలు కూత పెడితే రాగం ఆపుకుని, అది వెళ్లాక మళ్లీ ఎత్తుకునేవాళ్లం. ఆ రోజు ప్రధానంగా పాడిన రాగం భైరవి. గాయకుడి వంతు అయి నేను ఆలాపన మొదలుపెట్టాను. రెండు నిమిషాలైనా కాలేదు, పంచమం తీగ తెగింది. సన్నటి తీగ అది, పైస్థాయి అంతా దాని మీదే నడుస్తుంది. చివర చుట్టుకుని వచ్చి నా చెంపకు తగిలింది. వేరే తీగ వేసుకునేంత సేపు ఆగితే రాగం చెదిరిపోతుంది. పక్కనున్న షడ్జం తీగ మీదే పైకి జరుపుకుంటూ పోయి తారషడ్జం, అంటే పైస్థాయి ‘స’ పట్టుకున్నాను. వేలికి అలవాటులేని చోట్లు. చెమట కళ్లలోకి కారుతోంది. మొత్తానికి రాగం పూర్తి చేశాను.

కచేరీ అయ్యాక ఊళ్లో పేరున్న రసికుడొకాయన వచ్చి "పర్లేదమ్మాయ్, ఆడపిల్లవైనా నెట్టుకొచ్చావు" అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్నాననే అనుకున్నారు. నేను రిక్షాలో ఇంటికి వెళ్లేదాకా ఏడ్చాను.

రెండు రోజుల తర్వాత దుర్గాపురంలో సంగీత కళాశాల ముందు ఒక బడి మాస్టారు ఎదురయ్యారు. ఆ రోజు కచేరీకి వచ్చారట. "అమ్మా, తీగ తెగాక మీ భైరవిలో దిగేటప్పుడు ధైవతం ఒకచోట పైనే ఉండిపోయింది. తీగ మారడం వల్లనా?" అని అడిగారు. భైరవికి ధైవతాలు, అంటే ‘ద’ స్వరాలు రెండు. ఎక్కేటప్పుడు పైనుండే చతుశ్రుతి, దిగేటప్పుడు కిందుండే శుద్ధం. దిగేచోట పై ధైవతం పడితే రాగం మొహం మారిపోతుంది. ఇంటికి వెళ్లి మిగతా మూడు తీగల మీదే మళ్లీ వాయించి చూసుకున్నాను. నిజమే, మూడోవేలు సరిగ్గా అక్కడే ఆగుతోంది. ఆయన పట్టుకున్నది తప్పు. అయినా నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. తీగ తెగడం చూశాడు, నేను ఎటు వెళ్లానో చూశాడు, ఎక్కడ తడబడ్డానో కూడా విన్నాడు. ఆ సాయంత్రం మొత్తం ఆ మనిషి నాతోనే ఉన్నాడు.

కాబట్టి అన్నగారూ, మాకు ‘అద్భుతం, అమోఘం’ అక్కర్లేదు. అవి కూడా వినకుండానే అనొచ్చు. మీకు ఆ రోజు వయొలిన్‌లో ఏదో ఒకటి నచ్చే ఉంటుంది, లేకపోతే అంతదూరం లేచి వెళ్లరు. అది గుర్తు చేసుకోండి. ఆవిడ మళ్లీ మీ ఊరు వచ్చినప్పుడు దగ్గరకు వెళ్లి "పోయినసారి ఫలానా రాగంలో మీరు ఫలానా చోట నిలిపారే, అది ఇంకా చెవిలో ఉందమ్మా" అని చెప్పండి. క్షమాపణ అడగక్కర్లేదు. ఆవిడకు అర్థమవుతుంది.

ప్రశ్న: కచేరీ నిజంగానే మామూలుగా ఉంటే ఏం చెప్పాలి? అబద్ధమాడమంటారా?
(మంగళగిరి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా. నమస్కారం పెట్టి వెళ్లిపోండి. నమస్కారంలో ‘నే’ ఉండదు. ఏదో ఒకటి అనాలి కదా అని "చీర బాగుంది", "మైకు బాగా కుదిరింది", "ఈసారి బాగుంది" లాంటివి మాత్రం అనకండి. ‘ఈసారి’ అంటే పోయినసారి బాగాలేదనే కదా! తెలియకుండా మెచ్చుకుంటే ఎలా ఉంటుందో చూడండి. 1971 ఆగస్టు 1న న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయం కోసం కచేరీ జరిగింది. సితార్‌తో పండిట్ రవిశంకర్, సరోద్‌తో ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ శ్రుతి చేసుకోవడం పూర్తికాగానే జనం చప్పట్లు కొట్టారు. శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే వాయిద్యం ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని రవిశంకర్ మెల్లగా చెప్పారు. వాళ్లు కొత్త శ్రోతలు, ఆ సంగీతం వాళ్లది కాదు. మనకు అలా చెప్పుకునే వీలు లేదు.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. విజయవాడలో గాత్రం నేర్చుకుని ఇప్పుడిప్పుడే కచేరీలు చేస్తున్నాను. ఎక్కడ పాడినా "అచ్చం మీ గురువుగారిలాగే పాడావమ్మా" అంటున్నారు. గురువుగారంటే నాకు ప్రాణం. అయినా ఆ మాట వింటే లోపల ఏదో మూలుగుతుంది. ఇది పొగరా?
(పేరు రాయవద్దన్నారు)

జవాబు: తల్లీ, పొగరు కాదు. గురువుగారి బాణీ నీ గొంతులో వినబడటం నీ సాధనకు గుర్తే, అంతవరకు సంతోషించు. నీ మనసు మూలుగుతున్నది ‘అచ్చం’ అన్నందుకు. అందులో నువ్వు లేవు.

మన ఊళ్లోనే పెరిగిన బాలమురళీకృష్ణగారిని తీసుకో. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుడు, త్యాగరాజస్వామి శిష్య పరంపరలోనివాడు. ఆ సంప్రదాయంలోంచే వచ్చి, నాలుగే స్వరాలతో లవంగి, మహతి వంటి రాగాలు చేశారు. నాలుగు స్వరాలతో రాగమేమిటని పెద్ద వాదమే నడిచింది. కాదన్న పండితులు గట్టిగానే కాదన్నారు. కానీ ఆ వాదించినవాళ్లు ప్రతి స్వరం విన్నారు, కాగితం మీద రాసుకుని మరీ తప్పన్నారు. "పర్లేదు, గురువుగారిలాగే ఉంది" అని ఎవరైనా సర్దేసి ఉంటే ఆయనకు ఆ వాదం కంటే అదే ఎక్కువ బాధ కలిగించేదని నా నమ్మకం.

అలా అన్నవాళ్ల మీద కోపం పెట్టుకోకు. ఈసారి ఎవరైనా ఆ మాట అంటే చిన్నబుచ్చుకోకుండా "ఎక్కడ అలా అనిపించిందండీ?" అని అడిగి చూడు. కొందరు తడుముకుంటారు. ఒకరిద్దరు మాత్రం "అదిగో, తోడి రాగంలో గాంధారం దగ్గర ఊగించావే, అక్కడ" అంటారు. వాళ్ల మొహం గుర్తుపెట్టుకో, మళ్లీ పాడేటప్పుడు కళ్లతో వాళ్లను వెతుక్కో. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన వస్తోంది కదా, విజయవాడలో ఎక్కడ పాడినా నాకొక కబురు చెయ్యి. వచ్చి ఆ మూల గోడ పక్కన కూర్చుంటాను. అయ్యాక నేను ఏం విన్నానో రాగం పేరుతో సహా నీకు చెబుతాను.