‘మేము’ వెనక ఇద్దరు: ఒక యువ రచయితకు లేఖ

బ్రాడీపేట, గుంటూరు

నాయనా,

మీ ఆవిడతో కలిసి చేసిన కరేబియన్ ఓడ ప్రయాణం గురించి నువ్వు రాసి, ఇచ్చి వెళ్లిన నలభై పేజీలూ చదివాను. ఒకసారి ఆ సాయంత్రమే చదివాను, మళ్లీ నిన్న ఉదయం పెన్సిల్ పట్టుకుని చదివాను. విజయవాడ నుంచి బస్సులో వచ్చి, ఎండలో నడిచి, కాగితాలు చేతికిచ్చి, "మేడమ్, మొహమాటపడకుండా చెప్పండి" అన్నావు. అలాగే చెప్తాను. నీకు వాక్యం ఎక్కడ ఆపాలో తెలుసు. డిగ్రీలో నీ జవాబు పత్రాలు దిద్దుతున్న రోజుల్లోనే నేనది గమనించాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో అది పోగొట్టుకోనందుకు చాలా సంతోషంగా ఉంది.

ముందు చిన్న సంగతులు. ఓడ బరువు 2,26,000 టన్నులని రాశావు. అది బరువు కాదు నాయనా. గ్రాస్ టన్నేజ్ అంటే ఓడ లోపల మూసి ఉన్న చోటు మొత్తం ఎంతో చెప్పే కొలత. టన్ను అనే మాట వినపడుతుంది కాబట్టి అందరూ బరువే అనుకుంటారు. దిద్దుకో. పొడవు 360 మీటర్లన్నావు, అది సరిగ్గానే ఉంది కానీ చదివేవాళ్ల కంటికి ఆనదు. మన ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. సీతానగరం వైపు నుంచి నడవడం మొదలుపెడితే, మూడో వంతు దూరం పూర్తికాకముందే మీ ఓడ అయిపోతుంది. ఆ కాస్త పొడవులోనే అంతస్తు మీద అంతస్తు వేసి, ఆరు వేల మంది ప్రయాణికుల్ని, రెండు వేల పైచిలుకు సిబ్బందిని ఏడు రాత్రులు ఉంచారు. ఇలా చెప్తే తాడేపల్లిలో ఉన్నవాళ్లు కూడా ఊహించుకోగలరు.

ఇక అసలు విషయం. రెండోసారి చదివేటప్పుడు ‘మేము’ అనే మాట కనపడ్డ ప్రతిచోటా కింద గీత గీశాను. రెండు వందలు దాటాక లెక్కపెట్టడం మానేశాను. మేము మయామీలో ఓడ ఎక్కాము. మేము బాల్కనీలో నిలబడ్డాము. మేము బఫేలో భోంచేశాము. మేము ఎంతో ఆనందించాము. ఆ మేములో నువ్వూ, మీ ఆవిడా ఇద్దరూ ఉన్నారు. అయినా నలభై పేజీలు పూర్తయ్యేసరికి ఆ అమ్మాయి ఎలాంటి మనిషో నాకు తెలియలేదు. ఆమె పేరు వచ్చింది రెండేసార్లు, ఆ రెండూ ఫొటో దిగిన సందర్భాలే.

మన భాషలో మనం, మేము అని రెండు మాటలున్నాయి. ఎదుటివాళ్లని కలుపుకుంటే మనం, వాళ్లని గుమ్మం బయట ఉంచితే మేము. దంపతుల ప్రయాణం రాసేటప్పుడు మేము అనడం సహజమే, తప్పు లేదు. కానీ పేజీ తర్వాత పేజీ అదే వస్తుంటే చదివేవాళ్లు బయటే నిలబడిపోతారు, లోపల ఉన్న ఇద్దరూ కలిసిపోయి ఒక్క ఆకారంలా కనపడతారు. పదకొండేళ్లు కాపురం చేసిన ఇద్దరు మనుషులు, మొదటిసారి పాపని మీ అక్కయ్య దగ్గర టాంపాలో వదిలి, ఒక చిన్న గదిలో వారం రోజులు ఉన్నారు. నీ చేతిలో ఉన్న కథ అది.

నాకిది ఎలా తెలుసంటావా? ఆ రోజు మా వరండాలో కాఫీ తాగుతూ నువ్వే చెప్పావు. గంటసేపు చెప్పావు. నువ్వు వెళ్లాక కాగితాలు తీస్తే, చెప్పినదాంట్లో ఒక్కటి కూడా అందులో లేదు.

సెయింట్ థామస్ దీవిలో మెట్ల సంగతే చూడు. షార్లెట్ అమాలీ ఊళ్లో కొండ మీదకి వెళ్లే ఆ మెట్ల దారికి 99 మెట్లని పేరు. నువ్వేం రాశావంటే, "పేరుకు 99 అయినా మేము లెక్కపెడితే 103 వచ్చాయి." నాకు చెప్పినప్పుడు అలా చెప్పలేదు. నువ్వు సగంలో ఆయాసంతో కూర్చుండిపోయావు. ఆమె మాత్రం పెదవులు కదుపుకుంటూ పైదాకా వెళ్లి, అక్కణ్ణుంచి "నూట మూడు!" అని అరిచింది. ఇంద్రకీలాద్రి మీద మెట్లపూజ చేసిన మనిషి, మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి కుంకుమ పెట్టిన మనిషి ఆవిడ. ఏ ఊళ్లో మెట్లు కనపడినా ఆమె లెక్కపెట్టకుండా ఉండలేదు. ఆ ఒక్క కేకలో మీ ఇద్దరూ ఉన్నారు, దుర్గ గుడి ఉంది, ఆ దీవి కూడా ఉంది. దాన్ని తీసేసి "మేము లెక్కపెడితే" అని రాసేశావు.

ఆ మెట్ల ఇటుకల గురించి రాసిన వాక్యం ఉంచు. డెన్మార్క్ నుంచి వచ్చే ఓడలు ఒరిగిపోకుండా అడుగున బరువు కోసం వేసుకొచ్చిన ఇటుకలతో వాటిని కట్టారన్న సంగతి ఎంత బాగుందో. ఆ దీవినీ, దాని పక్క దీవుల్నీ కలిపి 1917లో అమెరికా డెన్మార్క్ నుంచి రెండున్నర కోట్ల డాలర్లకు కొనుక్కున్న సంగతీ ఉండనీ, కానీ ఒక్క వాక్యమే. ఇప్పుడది పేజీన్నర ఉంది. అమెరికా జెండా ఎగిరే చోట బళ్లు మన దగ్గరలాగే ఎడమ పక్కన నడుస్తాయని చెప్పావు చూడు, అది ఆ పేజీన్నర కన్నా విలువైనది. టాక్సీలో ముందు సీట్లో కూర్చున్నది నువ్వే కదా. స్టీరింగ్ ఎడమవైపు, బండి నడిచేదీ ఎడమవైపు. ఎదురుగా బస్సు వచ్చినప్పుడు నీ కాలు ఏం చేసిందో రాయి.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. మయామీ వదిలాక మొదటి రెండు రోజులూ రేవు లేదు, సముద్రమే. రెండో రోజు గురించి నువ్వు రాసింది ఇంతే: "ఆ రోజు మేము విశ్రాంతి తీసుకున్నాము." నాకు చెప్పింది వేరు. ఆమెకు తల తిరిగి, కడుపులో వికారం పెట్టి, పొద్దుటి నుంచీ మంచం దిగలేదు. గది శుభ్రం చేసే అబ్బాయి చూసి పచ్చ ఆపిల్ ముక్కలు తెచ్చిపెట్టాడు. నువ్వు సాయంత్రం ఒక్కడివే వెళ్లి మంచు మీద స్కేటింగ్ షో చూసొచ్చావు. తిరిగొచ్చి, అది ఎంత బాగుందో ఆమెకు చెప్పకుండా దీపం ఆర్పేసి పడుకున్నావు. ఈ మాట చెప్పేటప్పుడు నువ్వు నా వైపు చూడలేదు. నీ పుస్తకంలో అన్నిటికన్నా బలమైన పేజీ అదే అవుతుంది. దాని చోట ఉన్న వాక్యం అబద్ధం. చిన్న అబద్ధమే, ఎవరికీ నష్టం లేదు. కానీ ఒకచోట అలా రాసిన చెయ్యి తర్వాత పేజీల్లోనూ అలాగే రాస్తుంది. అందుకే ఆ తర్వాత వచ్చిన సూర్యాస్తమయాలన్నీ ఒకేలా ఉన్నాయి.

ఆ పచ్చ ఆపిల్ తెచ్చిన అబ్బాయి గురించి కూడా చెప్తాను. అతను తువ్వాలుతో ఏనుగునీ, కోతినీ చేసి మంచం మీద పెట్టేవాడని రాశావు. క్రూయిజ్ గురించి రాసేవాళ్లంతా ఆ ఏనుగుని రాస్తారు. అతను ఇంటి నుంచి వచ్చి ఏడు నెలలయిందనీ, కొడుకు పుట్టాక ఇంకా చూడలేదనీ నీకు తెలిసింది మీ ఆవిడ అడిగింది కాబట్టి. పాపని వదిలి వచ్చిన తల్లి కాబట్టే ఆ ప్రశ్న అడిగింది. ఆ ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడుకున్న నాలుగు మాటలు, నీకు గుర్తున్నంతవరకు, ఉన్నవి ఉన్నట్టు రాయి. గుర్తులేనివి కల్పించకు.

తిండి గురించి. "కరేబియన్ తిండి చప్పన, గుంటూరు కారం గుర్తొచ్చింది" అని రాశావు. ఇది చదివి నాకు నిజంగా బాధ కలిగింది, ఎందుకంటే నేను మిర్చి యార్డు ఘాటు పీల్చుకుంటూ పెరిగిన మనిషిని. నువ్వు తిన్నది ఓడలోని బఫే. అది ఎక్కువగా అమెరికా వాళ్ల నాలుకకు తగ్గట్టు వండే వంట. దాన్ని ఆ దీవుల తిండి అనుకోకు. మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. యూరప్ వాళ్లు దాన్ని మొట్టమొదట చూసింది ఈ కరేబియన్ దీవుల్లోనే, 1492లో మొదలైన కొలంబస్ మొదటి ప్రయాణంలో. ఇండియాకు దారి కోసం బయలుదేరాడు, మిరియాలు వెతికాడు, మిరప దొరికింది. ఇండియా చేరాననుకున్నాడు కాబట్టే ఆ దీవులకు వెస్టిండీస్ అనే పేరు మిగిలింది. మన ఇళ్లలో ఆ పేరు క్రికెట్ వల్ల మాత్రమే తెలుసు. తర్వాత పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మిరప మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన వంటలకు కారం మిరియాలదే. పొగాకూ అంతే. కొలంబస్ మనుషులు దాన్ని కాల్చడం చూసింది క్యూబాలో. మిర్చి, పొగాకు. గుంటూరు జిల్లా రైతు ఇల్లు కట్టినా, అప్పుల పాలయినా ఎక్కువగా ఈ రెండు పంటల మీదే. ఆ రెండింటినీ లోకం మొదట చూసిన దీవుల మధ్య వారం రోజులు తిరిగి, మన కారం దొరకలేదని రాశావు.

అయితే మీ ఆవిడకు దొరికింది. సెయింట్ మార్టెన్ దీవిలో, ఫిలిప్స్‌బర్గ్ ఊళ్లో ఫ్రంట్ స్ట్రీట్‌లో. సింధీ వ్యాపారి నగల దుకాణంలో హిందీలో గంటసేపు బేరమాడి, గాజుల ధర దగ్గర నీతో మాట పట్టింపు వచ్చి, విసురుగా బయటికొచ్చి, పక్క కొట్లో స్కాచ్ బానెట్ మిరపకాయల సాస్ కొన్నది. కొట్టువాడు రుచికిచ్చిన చుక్క వేలికి రాసుకుని నాలిక మీద పెట్టుకుని, కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే, "మన సన్నం కన్నా ఘాటండీ" అంది. అక్కడితో ఆ కోపం పోయిందని నువ్వే చెప్పావు. కాగితం మీద ఏముంది? "మేము కొన్ని వస్తువులు కొనుగోలు చేశాము." కొనుగోలు చేయడమేమిటి నాయనా, కొన్నాం అనొచ్చుగా. ఆ చోట గాజులు రావాలి, కోపం రావాలి, ఆ చుక్క రావాలి. మిరప చరిత్ర చెప్పాలంటే ఆ చుక్క దగ్గర చెప్పు. అప్పుడది పాఠంలా ఉండదు.

చెరకు తోటల కూలీల మీద రాసిన మూడు పేజీలు మాత్రం తీసెయ్యి. 1834లో బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయ్యాక, 1838లో గయానాకూ, 1845లో ట్రినిడాడ్‌కూ మన దేశపు కూలీల్ని ఓడల్లో తీసుకెళ్లడం మొదలైన సంగతి నాకెంతో ఇష్టమైన, ఎంతో బాధపెట్టే విషయం. మద్రాసు రేవులో ఎక్కినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల ప్రయాణానికి నెలలు పట్టేది, దిగాక తిరిగిరాని వాళ్లే ఎక్కువ. కానీ మీ ఓడ ఆ దేశాలకు వెళ్లలేదు. నువ్వు చూడని రేవుని ఇక్కడ అతికిస్తే వాళ్లకూ న్యాయం జరగదు, నీ కథకూ జరగదు. వాళ్ల గురించి విడిగా, బాగా చదివి, ఒక పుస్తకమే రాయి. నా దగ్గరున్న పుస్తకాలు ఇస్తాను.

ఇంకొకటి చెప్పకపోతే ఇంతవరకూ చెప్పినదంతా ప్రమాదం. 1991లో మేమిద్దరం కాశీ వెళ్లొచ్చాం. గంగ మధ్యలో పడవ ఊగితే మా వారు భయపడి నా చీర కొంగు పట్టుకున్నారు. నేను దాన్ని చక్కగా రాసి ఒక వారపత్రికకు పంపాను. అచ్చయింది. ఆయన ఆఫీసులో అందరూ చదివారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. రెండు రోజులు భోజనం దగ్గర తల ఎత్తలేదు, అంతే. ఆయన ఇప్పుడు లేరు. ఆ పత్రిక కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఎన్నిసార్లు చూసినా, ముందు ఆయనకు చూపించి ఉంటే బాగుండేదనే అనిపిస్తుంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అయినా ఆ భయం ఆయనది, దాన్ని ఆయన్ను అడగకుండా ఊరందరి ముందూ పెట్టాను.

కాబట్టి మేము విప్పి ఇద్దర్నీ రాయి, రాసింది ముందు ఆమెకివ్వు. నీ తప్పులు నువ్వు ఎంతైనా రాసుకో, వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆమె వికారం, ఆమె బేరం, రాత్రి పూట పాప ఫొటో చూస్తూ కూర్చోవడం, ఇవి ఆమెవి. వద్దంటే తీసెయ్యి. ఆమెకు వేరేలా గుర్తుంటే అదీ రాయి. ఓడ మధ్యలో పన్నెండు వేల మొక్కలున్న తోట గురించి నువ్వు అంకెతో సరిపెట్టావు. మూడు సాయంత్రాలు సముద్రం వైపు రాకుండా ఆ తోటలోనే ఎందుకు కూర్చుందో నీకు తెలియదన్నావు. అడుగు. నువ్వు ఊహించి రాసేదానికన్నా ఆమె జవాబు బాగుంటుంది.

నలభై పేజీలూ మళ్లీ రాయాలేమోనని టెన్షన్ పడకు. ముందు రెండే పేజీలు రాయి: సముద్రంలో ఆ రెండో రోజు, సెయింట్ థామస్ మెట్లు. కంప్యూటర్ మీద వద్దు, చేత్తో రాయి. మీ ఆవిడ చదివాక ఎక్కడైనా "ఇలా కాదు" అంటే, ఆ మాట పక్కన అంచులో ఆమెనే రాయమను. ఆ కాగితం అలాగే నాకు తీసుకురా. ఆదివారం సాయంత్రం నేను ఇంట్లోనే ఉంటాను. ఈసారి ఇద్దరూ రండి, పాపని కూడా తీసుకురండి.

ఆ సాస్ సీసా సగానికి వచ్చింది. పెసరట్టులోకి చాలా బాగుందని మీ ఆవిడకు చెప్పు.

ఆశీస్సులతో,
మీ తెలుగు మేడమ్