ఆడవాళ్ల ప్రయాణాల మీద పనిచేస్తానంటోంది... ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. బస్సులు, మెట్రో, ఎలక్ట్రిక్ వాహనాల ప్లానింగ్‌లో ఆడవాళ్ల అవసరాల మీద పనిచేస్తానంటోంది. సాఫ్ట్‌వేర్ కోర్సు ఏదైనా నేర్చుకోమంటే వినడం లేదు. దీనికి ఏం చదవాలి? గేట్ రాయాలా? చివరికి ఉద్యోగం వస్తుందా? – ఒక తండ్రి, ఖమ్మం

ఉద్యోగాలున్నాయండీ, కాకపోతే ఆ పేరుతో ఉండవు. ‘జెండర్ అండ్ ట్రాన్స్‌పోర్ట్’ అని జాబ్ పోర్టల్‌లో కొడితే పట్టుమని పది కనిపించవు. ట్రాన్స్‌పోర్ట్ ప్లానర్, ట్రాఫిక్ ఇంజినీర్, జీఐఎస్ అనలిస్ట్ (మ్యాపుల మీద డేటా విశ్లేషించేవాళ్లు), సోషల్ సేఫ్‌గార్డ్స్ స్పెషలిస్ట్ (ప్రాజెక్టు వల్ల జనానికి నష్టం రాకుండా చూసేవాళ్లు) అని వెతకాలి. ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పిచ్చే ప్రాజెక్టులను జెండర్ కోణంలో నాలుగు తరగతులుగా విడదీస్తారు. పై రెండు తరగతుల్లో పడిన మెట్రో, బస్సు, రోడ్డు ప్రాజెక్టులకు జెండర్ యాక్షన్ ప్లాన్ (ఆడవాళ్ల కోసం ఏమేం చేస్తారో చెప్పే ప్రణాళిక) రాయాలి, అమలు ఎంతవరకు వచ్చిందో లెక్క చెప్పాలి. ఈ పని కన్సల్టెన్సీల చేతికి వస్తుంది. సోషియాలజీ చదివినవాళ్లకు ట్రాఫిక్ మోడల్ (రాకపోకలను అంచనా వేసే కంప్యూటర్ లెక్క) కొరుకుడు పడదు. మోడల్ నడిపే ఇంజినీరు, సర్వే ఫారంలోంచి ఆడవాళ్లు ఎలా జారిపోతున్నారో పట్టించుకోడు. రెండూ తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి అలాంటివాళ్లకు గిరాకీ ఉంది.

అందుకే మీ అమ్మాయి ముందు గట్టి ట్రాన్స్‌పోర్ట్ ఇంజినీర్ కావాలి. ఆడవాళ్ల ప్రశ్నను ఆ పనిముట్లతో అడగాలి. ఆ ప్రశ్న ఒక్కటే చేతిలో పెట్టుకుని వెళితే మీటింగుల్లో మర్యాదగా విని పంపించేస్తారు. జీతం సంగతి కూడా ముందే చెప్పాలి. మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న క్లాస్‌మేట్ల కంటే తక్కువే వస్తుంది.

ఇక అసలు సబ్జెక్టు. మగవాళ్ల ప్రయాణం ఎక్కువగా ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి. ఆడవాళ్లది గొలుసు. పిల్లను స్కూల్లో దింపి, రైతుబజారుకు వెళ్లి, అత్తగారికి మందులు తీసుకుని, అప్పుడు పనికి వెళ్లడం. మాడ్రిడ్‌కు చెందిన ప్రొఫెసర్ ఇనెస్ సాంచెజ్ ద మదారియాగా దీనికి ‘మొబిలిటీ ఆఫ్ కేర్’ అని పేరు పెట్టారు. సర్వేల్లో పిల్లల్ని దించడం ఒక గడిలో, సరుకులు ఇంకో గడిలో, ఆస్పత్రి ‘ఇతరములు’లో పడి చెల్లాచెదురవుతాయి. వాటన్నింటినీ ఒకచోట కూడితే, పనిచేసే వయసువాళ్లలో ఉద్యోగ ప్రయాణాలకు దీటుగా కనిపిస్తాయని ఆమె చూపించారు. విడివిడిగా ఉన్నంతకాలం అవి టైంటేబుల్ వేసే మనిషి కంటబడవు.

ఎలక్ట్రిక్ బస్సులతో దీనికి సంబంధం ఏమిటంటారా? ఉదయం రద్దీ తగ్గాక బస్సుల్ని డిపోకు తెచ్చి ఛార్జింగ్ పెట్టడం సులువైన పద్ధతి. ఆఫీసు వేళల లెక్కతో చూస్తే ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా బస్సులు ఖాళీ. బజారుకూ ఆస్పత్రికీ వెళ్లేవాళ్లు, స్కూలు వదిలే వేళకు పరుగెత్తే తల్లులు బయటుండేది ఆ వేళలోనే. ఏ బస్సు ఎప్పుడు ఛార్జింగ్‌కు వెళ్లాలనే షెడ్యూలు ఆప్టిమైజేషన్ లెక్క, అంటే షరతులన్నీ పాటిస్తూ మేలైన అమరిక వెతికేది. దానిలో ఈ షరతు పెట్టాలంటే ఆ లెక్క చేతనైనవాళ్లు కావాలి. బస్సు మెట్టు ఎత్తు కూడా ఇలాంటిదే. అర్బన్ బస్ స్పెసిఫికేషన్లలో ఫ్లోర్ ఎత్తు 400, 650, 900 మిల్లీమీటర్లని మూడు రకాలున్నాయి. చంకలో బిడ్డతో, చీరలో ఎక్కే మనిషికి 400కూ 900కూ తేడా ఎంతో చెప్పనక్కర్లేదు. ఆ అంకె తేలేది టెండర్ కాగితంలోనే, బస్సు రోడ్డెక్కాక మార్చలేరు.

ఇప్పుడు మన దగ్గర ఒక మంచి అవకాశం ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణ పథకాలు మొదలయ్యాయి. అప్పటి నుంచి పథకం వర్తించే బస్సుల్లో కండక్టర్లు టిమ్ (టికెట్లు కొట్టే) మిషన్‌లో ఆడవాళ్లకు జీరో టికెట్ కొడుతున్నారు. ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ, టైము అందులో పడతాయి. మామూలు టికెట్‌తో కొన్నది ఆడో మగో తెలిసేది కాదు. కానీ ఈ డేటాను గుడ్డిగా నమ్మితే దెబ్బతింటారు. ఒకే మనిషి మూడు బస్సులు మారితే మూడు టికెట్లు, మిషన్ లెక్కలో ముగ్గురు మనుషులు. గొలుసు అక్కడే తెగిపోతుంది. రద్దీలో స్టేజీ మార్చకుండా వరసపెట్టి టికెట్లు కొట్టేస్తే ఎక్కిన చోటు తప్పు పడుతుంది. బస్సు నిండిపోయి ఆపకుండా వెళ్లిపోతే, స్టాపులో మిగిలిపోయినవాళ్లు ఏ డేటాలోనూ ఉండరు.

మీ అమ్మాయి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఇదే చేయొచ్చు. నగరమంతా వద్దు, ఒక రూటు, దాని మీద రెండు స్టాపులు చాలు. ఉదయం 6 నుంచి రాత్రి 9 దాకా 15 నిమిషాలకోసారి లెక్క: ఎంతమంది ఆడ, ఎంతమంది మగ, పిల్లలతో ఎందరు, సంచులతో ఎందరు, బస్సు వచ్చినా ఎక్కలేకపోయినవాళ్లు ఎందరు. రెండు పనిరోజులు, ఒక ఆదివారం. పండగ ముందు వారం, పెళ్లిళ్ల ముహూర్తాలున్న రోజులు వదిలేయాలి.

దాంతోపాటు ఇంటర్వ్యూలు. పుస్తకంలో 384 శాంపిల్ అని ఉంటుంది (95 శాతం నమ్మకం, 5 శాతం తేడా, అంటే వచ్చిన అంకె అసలుకు అటూఇటూ 5 శాతం లోపు ఉంటుందని). అందరూ ఆ అంకె కాపీ కొట్టి, అందులో 90 మంది ఆడవాళ్లతో సరిపెట్టి, చివర్లో ఆడా మగా పోలిక పెడతారు. 90 మందితో ఆ తేడా 10 శాతం దాటుతుంది, పోలిక నిలబడదు. ఆడవాళ్లు 200, మగవాళ్లు 200 తీసుకుంటే రెండువైపులా 7 శాతం లోపు ఉంటుంది.

అడిగే తీరులోనే అసలు కిటుకు ఉంది. ‘నిన్న ఎక్కడికైనా వెళ్లారా?’ అంటే సగంమంది ‘ఎక్కడికీ లేదమ్మా, ఇంట్లోనే’ అంటారు. ‘లేచాక మొదట గుమ్మం దాటింది ఎందుకు? ఆ తర్వాత?’ అని వరసగా అడిగితే పాల ప్యాకెట్, అంగన్‌వాడీ, కిరాణా కొట్టు, డ్వాక్రా మీటింగు ఒక్కొక్కటే బయటికొస్తాయి. అయిదు నిమిషాల నడకనూ రాయాలి. ఇంటింటి సర్వే అయితే ఆడవాళ్ల ప్రయాణాలు వాళ్లనే అడగాలి. ఇంటాయన కుర్చీలో కూర్చుని ఆమె తరఫున చెప్పిన జవాబు పనికిరాదు. రాత్రి ఏడింటికి వంట వేళలో వెళ్తే సగంలో ‘చాల్లేమ్మా’ అంటారు, మధ్యాహ్నం వెళ్తే పనికెళ్లే ఆడవాళ్లు దొరకరు. రెండు వేళల్లోనూ తిరగాలి. ఫారం కోబో టూల్‌బాక్స్ అనే సర్వే సాధనంలో, మ్యాపులు క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేయొచ్చు, రెండూ ఉచితమే.

పోల్చుకోవడానికి కేంద్ర గణాంక శాఖ టైమ్ యూజ్ సర్వే (2019, 2024) ఉంది. ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చించారో తెల్లవారుజామున 4 నుంచి మర్నాడు 4 దాకా అరగంట గళ్లలో రాసుకున్న సర్వే అది. ఆ అరగంట గడిలో చిన్న నడకలు కలిసిపోతాయన్నది గుర్తుంచుకుని వాడాలి.

స్టాపులో వెలుతురు కూడా కొలవమనండి. కాలేజీ ఎలక్ట్రికల్ ల్యాబులో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ ఉంటుందేమో అడగాలి, ఫోను యాప్‌తో కొలిస్తే ఒక్కో ఫోను ఒక్కో అంకె చూపిస్తుంది. వీధి దీపాల ప్రమాణం ఐఎస్ 1944లో అతి ముఖ్యమైన రోడ్లకు సగటున 30, ఆ తర్వాతి ముఖ్య రోడ్లకు 15 లక్స్ అని ఉంది. ఆ సగటు వాహనాలు తిరిగే రోడ్డుకు. దీపం మొహం రోడ్డు వైపుంటుంది, స్తంభం పక్కనే వేపచెట్టు ఉంటే కొమ్మల నీడంతా వెనక ఫుట్‌పాత్ మీదే. కాబట్టి షెల్టర్ లోపల, కూర్చునే బల్ల దగ్గర, స్టాపుకు నడిచొచ్చే దారిలో ప్రతి మీటరు దూరానికి ఒక రీడింగ్ విడిగా తీయాలి. ఫుట్‌పాత్ వెడల్పుకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 103 చూడాలి: కనీసం 1.8 మీటర్లు అడ్డం లేకుండా ఉండాలి, కెర్బ్ (ఫుట్‌పాత్ అంచు) ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు.

మహిళల భద్రత యాప్ తయారు చేస్తానంటే మాత్రం వద్దని చెప్పండి. ప్రతి కాలేజీలో ఏడాదికి నాలుగు అలాంటివి వస్తాయి. ప్రయాణికుల బస్సులు, క్యాబ్‌ల వంటి కొత్త వాహనాల్లో 2019 నుంచి ఏఐఎస్ 140 అనే వాహన ప్రమాణం ప్రకారం జీపీఎస్ ట్రాకింగ్, ఎమర్జెన్సీ బటన్ తప్పనిసరి. బటన్ నొక్కితే అవతల పలికే మనిషి లేకపోతే ఇంకో బటన్ వల్ల ఒరిగేదేమీ లేదు. ఆఖరి బస్సు ఎన్నింటికి, దిగాక ఇంటికి నడక ఎంత, ఆ దారిలో లైట్లున్నాయా అన్నవే తేల్చే ప్రశ్నలు.

చదువు విషయానికొస్తే గేట్ రాయించండి. మూడో ఏడాదిలోనే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. సాధారణంగా దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరుల్లో, పరీక్ష ఫిబ్రవరిలో. సివిల్ పేపర్లో ట్రాన్స్‌పోర్టేషన్ చిన్న భాగమే, దాన్ని నమ్ముకుని స్ట్రక్చర్స్, జియోటెక్ వదిలేస్తే ర్యాంకు రాదు. లెక్కలు ఇష్టమైతే ఎంటెక్ ట్రాన్స్‌పోర్టేషన్: వరంగల్ నిట్, మద్రాస్, బాంబే, ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీలు. నగరం, విధానాలు, చట్టాల వైపు మనసుంటే ఢిల్లీ ఎస్‌పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఎంప్లాన్ (ప్లానింగ్‌లో పీజీ) ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్. విజయవాడ ఎస్‌పీఏలోనూ ప్లానింగ్ కోర్సులున్నాయి. నిట్‌లు, ఎస్‌పీఏలకు సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్, ఐఐటీలకు విడిగా దరఖాస్తు చేసి కోప్ అనే ఉమ్మడి పోర్టల్‌లో ఆఫర్ చూసుకోవాలి. గేట్‌తో చేరిన ఎంటెక్ విద్యార్థులకు నెలకు రూ.12,400 స్టైపెండ్ వస్తుంది. నా ఓటు ఎంటెక్‌కే. ప్లానింగ్ సంగతులు తర్వాత ఉద్యోగంలో అబ్బుతాయి, డిమాండ్ మోడలింగ్ (ఎంతమంది ఎక్కడికి ప్రయాణిస్తారో అంచనా వేయడం) అలా అబ్బదు. ఆమె సాఫ్ట్‌వేర్ వద్దన్నా పైథాన్ మాత్రం వద్దనకూడదు, టికెట్ డేటా మరీ పెద్దదైతే ఎక్సెల్‌లో పూర్తిగా తెరుచుకోదు.

సర్వే మొదలుపెట్టే ముందు కాలేజీ లెటర్‌హెడ్ మీద డిపో మేనేజర్‌కు ఒక ఉత్తరం, స్థానిక పోలీస్ స్టేషన్‌కు ఒక కాపీ ఇవ్వాలి. అందులో రూటు నంబరు, తేదీలు, వేళలు, ఎంతమంది విద్యార్థులు అన్నవి ఉండాలి. టికెట్ డేటా అడిగేటప్పుడు స్టేజీ, టైము మాత్రమే అడగాలి. ఆధార్, ఫోను నంబర్ల ఊసెత్తితే ఫైలు అక్కడే ఆగుతుంది. సాయంత్రం లెక్కలకు ఇద్దరికి తగ్గకుండా వెళ్లాలి, కాలేజీ ఐడీ మెడలో ఉండాలి. రాత్రి 9 దాకా లెక్క ఉంటుంది కనుక తిరుగు బస్సు ఎన్నింటికో ముందే కనుక్కోవాలి. లేకపోతే తీసుకురావడానికి మీరు వెళ్లాల్సి వస్తుంది. అలా వెళ్లాల్సి వచ్చిందన్న సంగతి కూడా రిపోర్టులో రాయమనండి, అదీ డేటానే.