ఆఖరి సెమిస్టర్‌లో ఉన్న మేనకోడలికి

అమ్మలూ,

పండక్కి వచ్చినప్పుడు నీతో తీరిగ్గా మాట్లాడటం కుదరలేదు. ఇంటినిండా చుట్టాలు, నీ చుట్టూ నీ ఈడు పిల్లలు. బస్సెక్కే ముందు మాత్రం "డిజైన్ కోర్సులో ఆఖరి ప్రాజెక్టుకి ఏది తీసుకోను మావయ్యా, ఏమీ తేలట్లేదు, టెన్షన్‌గా ఉంది" అన్నావు. అది నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు. ప్రెస్సులో ఇన్నేళ్లుగా డిజైనర్లు తెచ్చే ఫైళ్లు చూస్తున్నాను. వాటిలో ఏవి పెట్టెలై బయటికి వెళ్లాయో, ఏవి కంప్యూటర్లోనే ఉండిపోయాయో చూశాను. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు అనుకుంటున్నవి మూడు: గోదావరి దాటించే పంటు పడవ టైములు చెప్పే యాప్, నరసాపురం లేసు, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. వాటిలో పెట్టె తీసుకో. మిగతా రెండూ తక్కువవని నా ఉద్దేశం కాదు. జ్యూరీ నాటికి, అంటే మీ ప్రాజెక్టులకి మార్కులు వేసే రోజుకి, నిజంగా తయారై, వాడాల్సినవాళ్ల చేతుల్లో పడి, వాళ్లు బాగుందో లేదో చెప్పేదాకా వెళ్లగలిగేది అదొక్కటే. నీకున్నది నాలుగు నెలలు. ఈలోగా ఒక్క పనిని చివరిదాకా తీసుకెళ్లమనే నేను చెప్పేది.

పంటు టైములు చెప్పే యాప్ సంగతి ఆలోచించు. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు కదలాలంటే గోదావరిలో పోటు చూసుకోవాలి, జనం నిండాలి, రేవుని వేలంపాటలో దక్కించుకున్నవాళ్లు సరేననాలి. ఆ సమాచారం రోజూ యాప్‌లోకి ఎవరు ఎక్కిస్తారు? దానికి జవాబు దొరకనంతవరకు నువ్వు గీసే స్క్రీన్లు ఎంత అందంగా ఉన్నా బొమ్మలే. ఆ రేవులో నాకు కావాలనిపించేది గట్టు మీదనుంచి కనపడే పెద్ద బోర్డు ఒకటి. ఉద్యోగంలో కుదురుకున్నాక ఎప్పుడైనా చెయ్యి.

లేసు విషయంలో నా అభ్యంతరం వేరు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీల దగ్గర 19వ శతాబ్దంలో మొదలైన అల్లిక అది. నరసాపురం చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు వంటయ్యాక సూదీ దారం పట్టుకుని కూర్చుంటారు. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1982లో వాళ్ల మీద పుస్తకమే తెచ్చింది. దేశాలు దాటి అమ్ముడయ్యే సరుకు అల్లుతున్నా, వాళ్ల పనిని ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ల కాలక్షేపంగానే లెక్కగట్టారని ఆమె చెప్పింది. కాలేజీ పిల్లలు వాళ్ల దగ్గరికి వచ్చి, ఓ పూట కూర్చుని, చేతులు ఫోటోలు తీసుకుని, నాలుగు నమూనాలు ఊరికే అల్లించుకుని వెళ్లడం నాకు నచ్చదు. నువ్వు లేసు పట్టుకోదలిస్తే ముందు వాళ్లకి ముక్కకి ఎంత ఇస్తావో తేల్చుకుని వెళ్లు. ఆ డబ్బు ఇప్పుడు నీ దగ్గర లేదు కాబట్టి వద్దంటున్నాను.

ఇక పెట్టె సంగతి. పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు. అప్పటినుంచి పెట్టెల మీద ఏదో ఒక ముద్ర వేయమని అడిగేవాళ్లు పెరిగారు. ఆ జీఐ లోగో అధీకృత వినియోగదారులుగా నమోదైన తయారీదారులకే చెల్లుతుంది. నువ్వు పనిచేసే ఇంటివాళ్లకి ఆ నమోదు ఉందో లేదో కనుక్కోకుండా పెట్టకు.

స్కెచ్ పుస్తకం తెరవకముందే ఆత్రేయపురం వెళ్లి ఒక ఇంట్లో కూర్చో. బోర్లించిన కుండ కింద కొబ్బరాకులతో మంట పెడతారు. పల్చటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీదుగా లాగుతారు, చూస్తుండగానే రేకు వచ్చేస్తుంది. అది అందరూ వీడియో తీసేదే, నువ్వూ తీసుకో. కానీ నువ్వు అసలు చూడాల్సింది పక్కగదిలో ఉంటుంది. అక్కడ రేకుల్లో నెయ్యి, పంచదార వేసి మడిచి పెట్టెలో సర్దే ఆవిడ చేతులు చూడు. వేళ్లన్నీ నెయ్యే. ఆ చేతులతోనే ఆవిడ పెట్టె తీసి, మూత వేసి, పక్కన పెట్టాలి. పెట్టెలు అట్టల్లాగా చదునుగా కట్టలు కట్టి వస్తాయి. వాటిని నిలబెట్టి మడతలు వేసేది ఆవిడో, ఆవిడ కూతురో. నీ పెట్టెకి ఆరు మడతలూ, జిగురూ, పైన రిబ్బనూ ఉంటే కాలేజీలో చప్పట్లు కొడతారేమో గానీ ఆవిడ మర్నాటికి పాత పెట్టె తీసుకుంటుంది. ఒక్క తోపుతో లేచి, టేపు లేకుండా తాళం పడే పెట్టె గీయి. నెయ్యి అంటిన వేలుకి కూడా పట్టు దొరికేలా మూత అంచు దగ్గర చోటు వదులు.

తర్వాత కొనేవాళ్లని చూడు. మన రావులపాలెం హైవే మీద కార్లాపి కొంటారు. వెనక సీట్లో పడేస్తారు, దానిమీద బ్యాగు పెడతారు, ఎండలో కారు ఆపి భోజనానికి వెళ్తారు. రేకు చెమ్మ పీలిస్తే సాగుతుంది, ఒత్తిడి తగిలితే పొడైపోతుంది. నెయ్యి అట్టకి దిగితే పైన అచ్చు మీద మరక కనపడుతుంది. కాబట్టి లోపల బటర్ పేపరా, అట్టకి లోపలివైపు కోటింగా, పక్కలు గట్టిపడేందుకు ఇంకో మడతా అన్నది ఊహించి తేల్చకు. మన ప్రెస్సులో పెట్టెలకి వాడే అట్ట, అదే బోర్డు, చేతితో కోసి డమ్మీ చెయ్యి, అంటే ఒక నమూనా పెట్టె. అందులో నిజం పూతరేకులు పెట్టి, హైదరాబాద్ వెళ్లే మీ అన్నయ్యకి ఇవ్వు. దిగాక విప్పి ఫోటో తీయమను. ఎన్ని విరిగాయి, ఎక్కడ విరిగాయి అన్నది రాసుకో. పెట్టె మార్చి మళ్లీ పంపు.

ఆ విరిగిన రేకుల ఫోటో నీ పోర్ట్‌ఫోలియోలో తప్పకుండా ఉండాలి. మా దగ్గరికి పనికోసం వచ్చే పిల్లల పోర్ట్‌ఫోలియోలు తిరగేస్తుంటే అన్నీ ఒకేలా ఉంటాయి. తెల్లటి బల్ల మీద, పక్కన మొక్క నీడతో, ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన మాకప్‌లో, అంటే రెడీమేడ్ ఉత్తుత్తి పెట్టె ఫోటోలో, లోగో. అందులో ఆ పిల్లకి ఏం తెలుసో నాకు ఏం తెలుస్తుంది? మొదటి డమ్మీ ఎక్కడ చినిగింది, రెండోదానిలో ఏం మార్చింది, సర్దే ఆవిడ ఏమంది, ధర ఎంత పడింది అని చూపిస్తే ఆ పిల్లని కూర్చోబెట్టి మాట్లాడతాను. ప్రాజెక్టులు ఎక్కువ పెట్టాలని కంగారు పడకు. ఫస్టియర్ పోస్టర్లు తీసెయ్.

పేరు రాయడం గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే వదిలేస్తున్నారు. ముందు ఇంగ్లీషులో లేఅవుట్ చేసి, మిగిలిన జాగాలో తెలుగు ఇరికిస్తారు. నువ్వు తెలుగుతో మొదలుపెట్టు. "ఆత్రేయపురం" అన్నది పెద్దగా రాసి చూడు. "త్రే"లో కింద రకారం, పైన ఏత్వం. ఆ ఒక్క అక్షరమే పైకీ కిందికీ జాగా అడుగుతుంది. ఇంగ్లీషుకి సరిపోయిన లైన్ల ఎడం పెడితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తగులుతుంది. పేజీలు అమర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. అలాగే అచ్చైపోయిన పెట్టెలు బజార్లో ఇప్పటికీ కనపడతాయి. మన జిల్లాల్లో డీటీపీ షాపులు ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోనే పనిచేస్తుంటాయి. నీ యూనికోడ్ ఫైలు అక్కడ తెరిస్తే ఏమవుతుందో చెప్పలేం. ప్రెస్సుకి ఇచ్చేటప్పుడు అక్షరాలు ఔట్‌లైన్లుగా, అంటే ఫాంటు అక్కర్లేని బొమ్మలుగా, మార్చి ఇవ్వు, మార్చని కాపీ నీ దగ్గర ఉంచుకో.

వీలైతే ఆ పేరు చేత్తో రాయి. 1933లో మన నరసాపురంలో పుట్టిన బాపు గారి చేతిరాత ఫాంటుగా వచ్చింది. పెళ్లి కార్డులకి ఆ అక్షరాలే కావాలని ఇవాళ్టికీ మా కౌంటర్ దగ్గర అడుగుతారు. నువ్వు ఆయనలా రాయాలని కాదు, నీ చెయ్యి ఎలా పోతుందో చూసుకో. బ్రష్షుతో రాస్తే తలకట్టు దగ్గర ఒత్తిడి ఎలా పడుతుందో, సున్న ఎంత గుండ్రంగా వస్తుందో చూడు. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గారి గ్యాలరీకి ఒకసారి వెళ్లు. 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయిన మనిషి. ఆ బొమ్మల ముందు నిలబడితే ఫోన్ స్క్రీను మీద కనపడని గీతలు కనపడతాయి.

పెట్టె వెనకవైపుని చివరికి వదిలెయ్యకు. నికర బరువు, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, ఆకుపచ్చ చుక్క, ఎప్పటిలోగా తినాలో, ఏమేం వేశారో. వీటికి చోటు మొదట్లోనే తియ్యి. అంకెల ఎత్తు ఎంత ఉండాలన్నది 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల్లో ఉంది, చదువుకో. తేదీ రోజూ మారుతుంది కాబట్టి స్టాంపు వేయడానికి లామినేషన్ లేని తెల్లటి గడి వదలాలి. సిరా ఆరకుండా చెరిగిపోతోందని వాళ్లు మాతో అస్తమానం మొరపెట్టుకునేది దీని గురించే. బార్‌కోడ్ ఎరుపులో వెయ్యకు. చాలా స్కానర్ల వెలుగు ఎరుపే కాబట్టి ఆ గీతలు వాటికి కనపడవు.

రంగుల విషయం నీకు తెలిసిందే అయినా ఒక్క మాట. వరినారు ఆకుపచ్చ స్క్రీన్ మీద మెరుస్తుంది, నాలుగు రంగుల అచ్చులో చప్పబడుతుంది. అదే కావాలంటే స్పాట్ కలర్, అంటే ముందే కలిపిన విడి సిరా, వేయాలి, దానికి ఇంకో ప్లేటు ఖర్చు. ఆ ఖర్చు పూతరేకుల ఇంటివాళ్లు పెట్టుకోగలరా అని అడిగి వెయ్యి.

ప్రెస్సుల సంగతి మీ కాలేజీలో ఎవరూ చెప్పరు. మాఘ, ఫాల్గుణాల్లో, మళ్లీ వైశాఖంలో ముహూర్తాలుంటే మాకు పెళ్లి కార్డులతో ఊపిరాడదు. నీ జ్యూరీ సరిగ్గా ఆ రోజుల్లోనే పడుతుంది. ఆ సమయంలో యాభై పెట్టెలకి డై, అంటే అట్టని ఆకారంగా కోసే అచ్చు, చేయమంటే ఏ ప్రెస్సువాడూ మిషను ఆపడు. పైగా ఎండాకాలం, కరెంటు పోతుంది. అందుకని డై పనీ, మడతల గాట్లు వేసే క్రీజింగ్ పనీ మార్చిలోనే అయిపోవాలి. డిజైన్ అప్పటికి పూర్తిగా నచ్చకపోయినా ఒక రౌండు అచ్చేయించెయ్. బోర్డుకి గ్రెయిన్, అంటే పీచు వెళ్లే దిశ, ఎటు ఉందో అడిగి తెలుసుకో. మడత గ్రెయిన్ వెంబడి పడితే సాఫీగా వస్తుంది, అడ్డంగా పడి క్రీజింగ్ సరిగా లేకపోతే అంచు పగిలి లోపలి బూడిదరంగు బయటపడుతుంది. మిషను దగ్గర ఆపరేటర్ పక్కన ఓ పూట నిలబడు. మీ కాలేజీ ల్యాబులో దొరకని సంగతులు అతను చెప్తాడు.

రాత్రుళ్లు మేలుకోవడం తగ్గించు. తెల్లారుజామున ఎంచుకున్న రంగులు పగలు చూస్తే మళ్లీ మార్చాల్సి వస్తుంది, ఆ రాత్రి వృథా. వేళకి తిను. ఫైళ్లు రెండుచోట్ల దాచు, ఒకటి ల్యాప్‌టాప్ బయట ఉండాలి. ఫైలు పేరులో తేదీ వెయ్యి.

ఇంట్లో మాటల గురించి. "డిజైనంటే బొమ్మలేయడమేగా, బ్యాంకు కోచింగ్‌కి వెళ్లొచ్చుగా" అని మీ తాతయ్య అన్నప్పుడు నీ ముఖం చూశాను. ఆయనతో వాదించకు. ఆ పెట్టె తయారయ్యాక ఆయన చేతికిచ్చి పూతరేకులు తీసుకోమను. దేని గురించి చదువుతున్నావో అప్పుడు ఆయనకి నువ్వు చూపించగలవు.

చుట్టాల పనులకి మాత్రం గట్టిగా ఉండు. ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ, గృహప్రవేశం కార్డు అంటూ ఈ నాలుగు నెలల్లోనే అడుగుతారు. దగ్గరివాళ్లకి కానుకగా చేస్తే చెయ్యి, అప్పుడు కూడా బయట ఎంతవుతుందో చెప్పి చెయ్యి. మిగతావాళ్ల దగ్గర సగం అడ్వాన్సు తీసుకో. ఎన్నిసార్లు మారుస్తావో ముందే వాట్సాప్‌లో రాసి పెట్టు. ఆడపిల్లవి, డబ్బులు అడుగుతావేంటని ఎవరైనా అంటే మీ అమ్మతో చెప్పు, అక్కతో నేను మాట్లాడతాను.

మాస్టర్స్ కోసం సీడ్ ప్రవేశ పరీక్ష రాయాలా, ఉద్యోగమా అన్నది ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. నా అభిప్రాయం అడిగితే రెండేళ్లు ఎక్కడైనా పనిచేసి, ఏది తెలియట్లేదో తెలిశాక వెళ్లమంటాను. మొదటి ఉద్యోగంలో జీతంతో పాటు ఇంకొకటి చూడు: నీ పనిని దగ్గరుండి దిద్దే సీనియర్ ఉన్నారా లేదా. ఇంటర్వ్యూలో ఆ మాట నువ్వే అడుగు.

వచ్చే శనివారం ఆత్రేయపురం వెళ్లడానికి వీలవుతుందేమో చూసి ఫోన్ చెయ్యి. మాకు పెట్టెలు వేయించుకునే ఇల్లు ఒకటుంది, ముందే చెప్పి ఉంచుతాను. ఇప్పుడు వాడుతున్న పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, ఒకటి విప్పి చదును చేసి ఫోటో పంపు. మన స్టాకులో ఏ బోర్డు సరిపోతుందో, ఒక్కో షీటులో ఎన్ని పెట్టెలు వస్తాయో లెక్కగట్టి చెప్తాను.

నీ
మావయ్య
రావులపాలెం