నడక పరీక్షలో నార్మల్, ఇంట్లో మాత్రం బిగుసుకుపోవడం: మయోటోనియాలో ఎందుకిలా?

మీ తమ్ముడికి మయోటోనియా కంజెనిటా (బిగిసిన కండరం వెంటనే వదలని, పుట్టుకతో వచ్చే జబ్బు) అని తేలింది, కానీ క్లినిక్‌లో నడిపించి చూసి 'నడక నార్మల్' అన్నారు, మరి ఇంట్లో కుర్చీలోంచి లేవడానికి అంత అవస్థ ఎందుకని అడిగారు. నాకూ చిన్నప్పటి నుంచి ఇదే జబ్బు. ఆ 'నార్మల్' నేనూ విన్నదే.

ఆ రోజు క్లినిక్‌లో లిఫ్ట్ పనిచేయక మూడంతస్తులు మెట్లెక్కి వెళ్లాను. మొదటి నాలుగైదు మెట్లు రెయిలింగ్ పట్టుకుని ఒళ్లు ఈడ్చుకుంటూ, ఆ తర్వాత మామూలుగానే ఎక్కేశాను. పైకి చేరగానే పిలిచి, స్టాప్‌వాచ్ నొక్కి నడవమన్నారు. చకచకా నడిచాను. వాళ్లు చూసిందే రాశారు, తప్పు పట్టలేను.

మన కండరాల్లో క్లోరైడ్ ఛానెల్, అంటే కండర కణంలోకి క్లోరైడ్ వెళ్లే దారి, సరిగా పనిచేయదు. అందుకే బిగిసిన కండరం వెంటనే వదలదు. అదే కదలిక పదేపదే చేస్తుంటే మాత్రం పట్టు సడలుతుంది. దీన్నే వార్మప్ అంటారు. అంటే ఇబ్బందంతా విశ్రాంతి తర్వాత చేసే మొదటి ప్రయత్నంలోనే కనిపిస్తుంది. మూడుసార్లు చేయించి సగటు తీస్తే సగం మరుగున పడిపోతుంది.

రెండోసారి వెళ్లినప్పుడు పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాకే కొలవమని అడిగాను. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవాలి. మొదటిసారి 14 సెకన్లు, మూడోసారి 8. డాక్టరుగారు రెండు అంకెలూ విడివిడిగా రాసుకున్నారు.

చేతికి ఇంకో పరీక్ష ఉంది. పరికరాన్ని గట్టిగా పిండి, 'వదలండి' అనగానే వదిలేయాలి. పట్టు 90 శాతం నుంచి 5 శాతానికి ఎంతసేపట్లో దిగిందో చూస్తారు. ఇంట్లో అయితే ఫోన్లో వీడియో చాలు. నా వీడియోలో చిటికెన వేలు ముందు విచ్చుకుంటుంది, మిగతావి ఒక్కొక్కటిగా లేస్తాయి, బొటనవేలు మాత్రం ఇంకా అరచేతికి అంటుకునే ఉంటుంది. ఐదోసారికి చెయ్యి మామూలుగా తెరుచుకుంటుంది. మీ తమ్ముడికి ఇలా కాకుండా చేసేకొద్దీ, ముఖ్యంగా చలిలో, బిగుతు పెరుగుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అది పారామయోటోనియా అనే ఇలాంటిదే మరో జబ్బు కావచ్చు, అందులో లోపం సోడియం ఛానెల్‌లో ఉంటుంది. మయోటోనియా కంజెనిటాలోనే బెకర్ అనే రకంలో మొదట్లో కాసేపు బలమే తగ్గుతుంది. చాలామంది దాన్నీ బిగుతు ఖాతాలోనే వేస్తారు.

లేచి నడిచే పరీక్ష ఇంట్లో చేస్తే పక్కన ఒకరు ఉండాలి. ఉన్నట్టుండి లేస్తే మనం దుంగలా పడతాం, చేతులు అడ్డం పెట్టుకునే వీలు కూడా ఉండదు.

స్టాప్‌వాచ్‌తో పాటు డైరీ కూడా రాయించండి. 2012లో వచ్చిన మెక్సిలెటిన్ (ఈ బిగుతు తగ్గించే మందు) ట్రయల్‌లో 59 మంది పాల్గొన్నారు. అందులో ప్రధాన కొలమానం రోగులు ఫోన్‌లో తమ బిగుతు ఎంతుందో తామే చెప్పిన స్కోరే. నేనైతే రోజూ పొద్దున మంచం దిగగానే సున్నా నుంచి తొమ్మిది లోపు ఒక అంకె వేసుకుంటాను. పళ్లు తోముకున్నాక వేస్తే అప్పటికే రెండు తగ్గిపోయి ఉంటుంది.